మూత వేస్తే ల్యాప్‌టాప్ నిజంగా నిద్రపోతోందా?

సంక్షిప్తంగా: కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ‘స్లీప్’ అంటే ఇప్పుడు పూర్తి నిద్ర కాదు. మూత దించాక కూడా యంత్రం ఫోన్‌లా తక్కువ కరెంటుతో మేలుకునే ఉంటుంది. ‘షట్‌డౌన్’ కూడా అన్నిసార్లూ పూర్తి షట్‌డౌన్ కాదు. గంటా రెండు గంటల విరామానికి స్లీప్ చాలు. రాత్రంతా బ్యాగులో ఉండబోతుంటే హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్కు మీద దాచి యంత్రం ఆగిపోవడం) మేలు. బ్యాటరీ ఆయుష్షు సంగతికొస్తే, వేడి, ఎప్పుడూ నిండుగా ఉంచే ఛార్జింగ్ కలిసినప్పుడు నష్టం ఎక్కువ.

శుక్రవారం రాత్రి ఎనిమిది దాటాక బెంగళూరులో మారతహళ్లి, సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ స్టాపుల్లో ఆంధ్ర వైపు బస్సుల కోసం నిలబడేవాళ్లలో వీపున ల్యాప్‌టాప్ బ్యాగు లేనివాళ్లు తక్కువ. ఆఫీసులో చివరి కాల్ ముగిసిందో లేదో మూత దించి, బ్యాగులో పెట్టి, జిప్పు లాగి, ట్రాఫిక్‌లో పడి వచ్చినవాళ్లే చాలామంది. అప్పటికి బ్యాటరీ 80 శాతం ఉంటుంది. తెల్లారి ఒంగోలులోనో విజయవాడలోనో దిగి, కాఫీ తాగి, ‘ఒక్క మెయిల్ చూసి పక్కన పెడదాం’ అని మూత తెరిస్తే కొన్నిసార్లు 70 శాతం దగ్గర కనిపిస్తుంది. కొన్నిసార్లు ఏమీ కనిపించదు. పవర్ బటన్ నొక్కితే ఎర్రటి బ్యాటరీ గుర్తు ఒకసారి మెరిసి ఆరిపోతుంది. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంటుంది.

అదే ల్యాప్‌టాప్, అదే బ్యాగు, అదే రోడ్డు. ఒక వారం ఒకలా, మరో వారం ఇంకోలా ఎందుకుంటుందో అంతుపట్టక చాలామంది నేరం బ్యాటరీ మీదకు తోస్తారు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొత్త బ్యాటరీ వేయించుకున్నాక కూడా అదే అనుభవం ఎదురైతే ఇక దిక్కుతోచదు. చాలా సందర్భాల్లో దోషం బ్యాటరీది కాదు. మూత దించినప్పుడు యంత్రం లోపల జరిగే పని 2012 తర్వాత క్రమంగా మారిపోయింది. ఆ మార్పు సంగతి ల్యాప్‌టాప్ పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు.

## నిద్రకు పాత అర్థం

ల్యాప్‌టాప్ ఎప్పుడు పడుకోవాలి, ఎలా లేవాలి అన్నది ఒకప్పుడు బయాస్ (మదర్‌బోర్డు మీదే ఉండే తొలి సాఫ్ట్‌వేర్) చూసుకునేది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతి అలాంటిదే. విండోస్‌కు తెలియకుండానే బయాస్ స్క్రీన్ ఆపేయడం, దాంతో యంత్రం బిగుసుకుపోవడం ఆ రోజుల్లో మామూలు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే కొత్త ప్రమాణాన్ని విడుదల చేశాయి. పగ్గాలు ఆపరేటింగ్ సిస్టమ్ చేతికొచ్చాయి. 2013 నుంచి ఈ ప్రమాణాన్ని యూఈఎఫ్ఐ ఫోరమ్ అనే కంపెనీల కూటమి చూసుకుంటోంది.

ఏసీపీఐ యంత్రం స్థితులకు అంకెలు ఇచ్చింది. ఎస్0 అంటే పనిలో ఉన్నట్టు. ఎస్3 అంటే మనం చాలా ఏళ్లపాటు ‘స్లీప్’ అనుకున్నది. ఎస్4 హైబర్నేట్. ఎస్5 షట్‌డౌన్. మధ్యలోని ఎస్1, ఎస్2 వాడకంలో పెద్దగా నిలవలేదు.

ఎస్3ని అర్థం చేసుకోవడానికి సంక్రాంతికి ఊరెళ్లే ఇల్లు చాలు. అన్ని గదుల్లో స్విచ్చులు ఆపేసి, ఫ్రిజ్ ఒక్కదాన్నే నడవనిచ్చి తాళం వేస్తాం. ఎస్3లో ఆ ఫ్రిజ్ ర్యామ్. తెరిచి ఉంచిన ఫైళ్లు, బ్రౌజర్ ట్యాబులు, సగం టైపు చేసిన మెయిల్ అందులో ఉంటాయి. ర్యామ్‌కు కరెంటు ఆగితే అవన్నీ చెరిగిపోతాయి గనుక దానికి మాత్రం సన్నటి ధార అందుతూ ఉంటుంది. ప్రాసెసర్, స్క్రీన్, వైఫై, ఫ్యాన్ అన్నీ ఆగిపోతాయి. హైబర్నేట్ అయితే ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కు మీద రాసిపెట్టి ఫ్రిజ్ కూడా ఆపేసినట్టు. పది రోజులైనా కరెంటు ఖర్చు దాదాపు ఉండదు. తిరిగి తెరిచేటప్పుడు డిస్కు నుంచి ర్యామ్‌కు ఎక్కించాలి గనుక కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది.

ఈ పద్ధతిలో అనుమానానికి తావు తక్కువ. మూత పడింది అంటే ప్రాసెసర్ ఆగింది అని అర్థం. ఆగిన ప్రాసెసర్ మీద ఏ ప్రోగ్రామూ నడవదు, ఏదీ వేడెక్కదు.

## ఫోన్‌ను చూసి వచ్చిన మార్పు

స్మార్ట్‌ఫోన్లు చేతికొచ్చాక అలవాటు మారింది. జేబులోంచి తీసి బటన్ నొక్కితే ఫోన్ అప్పటికే సిద్ధంగా ఉంటుంది. మెసేజీలు అప్పటికే వచ్చి ఉంటాయి. 2010లో ఐప్యాడ్ వచ్చాక కంప్యూటరూ అలాగే ఉండాలన్న ఒత్తిడి పెరిగింది. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ ‘కనెక్టెడ్ స్టాండ్‌బై’ తెచ్చింది. 2015లో విండోస్ 10తో అది ‘మోడరన్ స్టాండ్‌బై’గా విస్తరించింది. 2020 తర్వాత వచ్చిన పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో తయారీదార్లు ఎస్3ని తీసేసి, దీన్ని మాత్రమే ఉంచారు.

కొత్త పద్ధతిలో మూత దించినా యంత్రం ఎస్0లోనే ఉంటుంది. స్క్రీన్ ఆరుతుంది. ప్రోగ్రాములను విండోస్ ఒక్కొక్కటిగా పడుకోబెడుతుంది. ప్రాసెసర్‌లోని భాగాలు, వైఫై, డిస్కు ఒకదాని తర్వాత ఒకటి తక్కువ కరెంటు స్థితికి దిగుతాయి. అన్నీ దిగితే మొత్తం చిప్ అతి లోతైన నిద్రలోకి జారుతుంది. మధ్యమధ్య ఏదైనా పని తగిలితే క్షణకాలం లేచి, చూసి, మళ్లీ పడుకుంటుంది. తాళం వేసిన ఇంటికీ, వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్న ఇంటికీ ఉన్న తేడా ఇది.

ఇక్కడ పట్టించుకోవాల్సిన మాట ‘అన్నీ’. ఒక్క డ్రైవర్ (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్), ఒక్క పరికరం దిగనని మొండికేసినా చిప్ మొత్తం పైమెట్టు మీదే ఆగిపోతుంది. సౌండ్ కార్డు డ్రైవర్ కావచ్చు, బయట తగిలించిన యూఎస్‌బీ డాంగిల్ కావచ్చు. బయటికి మాత్రం ఏ తేడా కనిపించదు. మూత పడి ఉంటుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది. లోపల నాలుగైదు వాట్లు కరిగిపోతూ ఉంటాయి.

పద్ధతి చెడ్డదని ఇంత మాత్రాన తీర్మానించలేం. హార్డ్‌వేర్, డ్రైవర్లు, ప్రోగ్రాములు మూడూ సరిగ్గా కుదిరిన ల్యాప్‌టాప్‌లో మోడరన్ స్టాండ్‌బై పాత ఎస్3కి దీటుగా పొదుపు చేస్తుంది, దానికంటే త్వరగా లేస్తుంది. పాత పద్ధతిలో ప్రాసెసర్‌ను ఆపడం హార్డ్‌వేర్ నియమం. కొత్త పద్ధతిలో అది పదుల కొద్దీ సాఫ్ట్‌వేర్ ముక్కల మర్యాద మీద ఆధారపడి ఉంది. అందుకే ఒక వారం ఒకలా, మరో వారం ఇంకోలా.

## అనంతపురానికి ఒక లెక్క, విజయవాడకు ఒక లెక్క

అంకెల్లో పెడితే తేడా తేటగా కనిపిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ 50 వాట్ అవర్లు అనుకుందాం. 80 శాతం అంటే 40 వాట్ అవర్లు. బెంగళూరు నుంచి విజయవాడకు రాత్రి బస్సులో దాదాపు 12 గంటలు.

నిద్ర సరిగ్గా పట్టి, ఖర్చు అర వాట్ దగ్గర ఉంటే 12 గంటలకు 6 వాట్ అవర్లు, అంటే 12 శాతం. 80తో బయల్దేరినది 68తో చేరుతుంది. అదే ఏదో ఒక ముక్క మొండికేసి ఖర్చు నాలుగు వాట్ల దగ్గర నిలిచిపోతే, 40 వాట్ అవర్లు సరిగ్గా 10 గంటల్లో అయిపోతాయి. విజయవాడ ఇంకా రెండు గంటల దూరం ఉండగానే బ్యాటరీ ఖాళీ. అనంతపురం వెళ్లేవాళ్లకు ప్రయాణం అయిదు గంటలే. అదే మొండి ల్యాప్‌టాప్ వాళ్లకు 40 శాతంతో చేరుతుంది, ‘కొంచెం తగ్గిందే’ అనుకుని వదిలేస్తారు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లేవాళ్లకు ఇరవై గంటలకు అటూ ఇటూ. వాళ్ల ల్యాప్‌టాప్ నిండు ఛార్జింగ్‌తో ఎక్కినా నిలవదు. ఒకే లోపం ఒకరికి చిరాకు, ఇంకొకరికి సమస్యే కాదు. ‘మా ల్యాప్‌టాప్ బాగానే ఉంది, నీదే ఏదో తేడా’ అన్న స్నేహితుడి మాటను ఈ లెక్క చూశాక తూచాలి.

నాలుగు వాట్లు బల్ల మీద ఉన్న ల్యాప్‌టాప్‌కు పెద్ద వేడి కాదు. బ్యాగులో సంగతి వేరు. మెత్తటి స్పాంజి గోడలు, చుట్టూ బట్టలు, గాలి ఆడే దారి లేదు. పుట్టిన వేడి పుట్టినచోటే ఉంటుంది. ప్రాసెసర్ నిజంగా మేలుకుని ఏ అప్‌డేటో మొదలుపెడితే ఖర్చు పది వాట్లు దాటుతుంది, ఫ్యాన్ తిరిగినా అదే వేడిగాలిని మళ్లీ పీలుస్తుంది. ప్రాసెసర్‌కు తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఉంది. వేడి హద్దు దాటితే వేగం తగ్గించుకుంటుంది, మరీ మితిమీరితే యంత్రాన్ని ఆపేస్తుంది. పక్కనే ఉన్న బ్యాటరీ మాత్రం గంటల తరబడి ఆ ఉక్కలో నానుతుంది.

విండోస్‌కు దీనికి ఒక అడ్డుకట్ట ఉంది. నిద్రలో బ్యాటరీ మితిమీరి తగ్గుతోందని గమనిస్తే తనంతట తానే హైబర్నేట్‌లోకి వెళ్లే ఏర్పాటు. హైబర్నేట్ ఆన్‌లో ఉంటేనే అది పనిచేస్తుంది. డిస్కులో చోటు మిగలాలనో, పాత సలహా ఏదో వినో హైబర్నేట్ పూర్తిగా తీసేసిన ల్యాప్‌టాప్‌కు ఆ రక్షణ లేదు.

## బ్యాగులో లేపేది ఎవరు?

ఎక్కువ మంది ఊహించని కారణం ఫోన్ హాట్‌స్పాట్. మధ్యాహ్నం ఆఫీసు వైఫై మొరాయించినప్పుడు ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, ఆపడం మరిచిపోయి బస్సెక్కుతారు. జేబులోని ఫోన్‌ను బ్యాగులోని ల్యాప్‌టాప్ గుర్తుపట్టి దానికదే కలుస్తుంది. నిద్రలోనూ నెట్‌వర్క్ ఉంచే సెట్టింగ్ ఉన్న యంత్రమైతే మెయిళ్లు దిగుతాయి, క్లౌడ్‌లో ఫైళ్లు సర్దుకుంటాయి. పొద్దున్నే లేచేసరికి ఫోన్ డేటా, ఫోన్ బ్యాటరీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడూ ఒకేసారి తగ్గి ఉంటాయి.

రెండోది వైర్‌లెస్ మౌస్. దాని చిన్న డాంగిల్ యూఎస్‌బీలోనే ఉండిపోతుంది, మౌస్ అదే బ్యాగులో పక్క జేబులో ఉంటుంది. మౌస్ స్విచ్ ఆపకపోతే బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అది కదిలి ‘లే’ అని కబురు పంపే వీలుంది. మూతను గుర్తించే సెన్సర్ అయస్కాంతంతో పనిచేస్తుంది గనుక, కిక్కిరిసిన బ్యాగులో మూత కొద్దిగా పక్కకు జరిగినా తెరిచారనుకునే అవకాశం ఉంది.

ఇక అప్‌డేట్లు, టైమర్ పెట్టుకున్న పనులు, వీడియో కాల్ ముగిసినా మైకును వదలని ప్రోగ్రాములు. వీటిని కనిపెట్టడం కష్టం కాదు. విండోస్‌లో టెర్మినల్‌ను (కమాండ్లు టైపు చేసే విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ (powercfg) అనే కమాండ్ తర్వాత స్లాష్, ‘రిక్వెస్ట్స్’ అని కొడితే ఆ క్షణంలో నిద్రను అడ్డుకుంటున్నది ఏదో పేరుతో సహా చూపిస్తుంది. అదే కమాండ్‌కు స్లాష్, ‘ఏ’ అని చేరిస్తే ఆ యంత్రంలో ఏయే నిద్రలు ఉన్నాయో చెబుతుంది. అక్కడ ఎస్3 పేరు అందుబాటులో ఉన్నవాటి కింద కనిపిస్తే పాత పద్ధతి. ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ (S0 Low Power Idle) కనిపిస్తే కొత్తది. కొనేముందు షాపులో అడిగినా జవాబు దొరకని ప్రశ్నకు ఈ ఒక్క కమాండ్ జవాబు చెబుతుంది.

## షట్‌డౌన్ కొట్టినా మిగిలేది

‘స్లీప్‌తో ఈ గొడవంతా ఎందుకు, రోజూ షట్‌డౌన్ చేస్తే పోలా’ అనేవాళ్లు చాలామంది. బ్యాటరీ వరకు ఆ మాట సరైనదే. అయితే షట్‌డౌన్‌లోనూ విండోస్ 8 నుంచి ఒక మెలిక ఉంది. దాని పేరు ఫాస్ట్ స్టార్టప్.

ఇది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ కొడితే తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూతపడతాయి, యూజర్ లాగౌట్ అవుతారు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్, దానితో పాటు లోడయిన డ్రైవర్లు మాత్రం మూతపడవు. వాటి స్థితిని హైబర్నేట్‌లో లాగా డిస్కు మీద రాసి, ఆ తర్వాత కరెంటు ఆపుతుంది. మర్నాడు బటన్ నొక్కితే దాన్నే తిరిగి ఎక్కిస్తుంది. తిరిగే హార్డ్ డిస్కుల కాలంలో దీనివల్ల నిజంగానే సమయం ఆదా అయ్యేది. తిరిగే భాగాల్లేని వేగవంతమైన డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ ఉన్న ఈనాటి ల్యాప్‌టాప్‌లో ఆ లాభం బాగా తగ్గిపోయింది.

చిక్కు ఎక్కడంటే, నాలుగు రోజుల కిందట తేడా చేసిన వైఫై డ్రైవర్ ఆ తేడాతోనే రోజూ నిద్ర లేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద ‘అప్ టైమ్’ చూస్తే విషయం బయటపడుతుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే మనిషి ల్యాప్‌టాప్‌లో అది తొమ్మిది రోజులు చూపించవచ్చు. యంత్రం దృష్టిలో అన్ని రోజులూ ఒకే పూట.

రీస్టార్ట్‌కు ఈ మెలిక లేదు. అది ప్రతిసారీ కెర్నల్‌ను మొదటి నుంచి ఎక్కిస్తుంది. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేయగానే ‘షట్‌డౌన్ చేశానండీ’ అన్నా వినకుండా ‘ఒక్కసారి రీస్టార్ట్ చేయండి’ అనడంలో ఉన్న అర్థం ఇదే. విసుక్కోవాల్సిన పని లేదు, వాళ్లు అడిగింది వేరే పని. రీస్టార్ట్ వద్దు, పూర్తిగా ఆగిపోవాలి అనుకుంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి. ఆ ఒక్కసారికి ఫాస్ట్ స్టార్టప్ పక్కకు తప్పుకుంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో లినక్స్ కూడా పెట్టుకున్న విద్యార్థులకు ఈ షిఫ్ట్ సంగతి మరీ ముఖ్యం. ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగిన విండోస్ డ్రైవ్‌ను లినక్స్ సగం పనిలో ఉన్నదిగా చూసి, రాయడానికి ఒప్పుకోదు.

విమానంలో చెక్-ఇన్ సామానులో ల్యాప్‌టాప్ వేయాల్సి వస్తే నిబంధనలు పూర్తిగా ఆపి వేయమంటాయి, స్లీప్ కుదరదు. చేతి బ్యాగులో ఉంచుకోవడమే ఎలాగూ మంచిది.

## మెనూలో కనిపించని హైబర్నేట్

రాత్రి బస్సుకు అన్నిటికంటే సరిపోయే స్థితి హైబర్నేట్. పని ఎక్కడ ఆపామో అక్కడే ఉంటుంది, ప్రాసెసర్ ఆగి ఉంటుంది, ర్యామ్‌కూ కరెంటు అక్కర్లేదు. అయినా విండోస్ స్టార్ట్ మెనూలో అది మామూలుగా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో నిర్ణయించే పేజీలో టిక్ పెడితే మెనూలోకి వస్తుంది. మూత దించితే ఏం జరగాలో ఎంచుకునే వీలు కూడా పక్కనే ఉంది. అక్కడ బ్యాటరీ మీద ఉన్నప్పుడు హైబర్నేట్, ఛార్జర్ తగిలి ఉన్నప్పుడు స్లీప్ అని విడివిడిగా పెట్టుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతో ఆఫీసు బల్ల మీద వేగం, బస్సులో నిశ్చింత రెండూ దక్కుతాయి. మూత దించాక డిస్కు మీద రాయడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఫ్యాన్ ఆగి, లైటు ఆరాకే బ్యాగులో పెట్టాలి.

హైబర్నేట్ రోజూ వాడితే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం ఒకటి ప్రచారంలో ఉంది. 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో హైబర్నేట్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే దాదాపు 6.4 జీబీ. రోజుకొకసారి అంత నిండా రాసినా ఏడాదికి 2.3 టీబీ. 512 జీబీ ఎస్ఎస్‌డీకి కంపెనీలు 150 టీబీ, 300 టీబీ వరకు రాతకు హామీ ఇస్తుంటాయి. తక్కువది తీసుకున్నా అరవై ఏళ్ల పైమాట. అప్పటికి ల్యాప్‌టాప్ మిగలదు.

భద్రత వైపు నుంచి చూసినా మొగ్గు హైబర్నేట్‌కే. డిస్కును తాళం వేసి ఉంచే ఎన్‌క్రిప్షన్ కీ స్లీప్‌లో ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్‌ను చల్లబరిచి, కరెంటు తీసేశాక కూడా ఆ కీలను బయటికి తీయవచ్చని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసి చూపించారు. బస్సులో బ్యాగు పోగొట్టుకున్న ప్రతివారికీ అంత పనితనం ఉన్న దొంగ తగలడు గానీ, కంపెనీ డేటా ఉన్న ల్యాప్‌టాప్‌కు ఆ జాగ్రత్త అతి కాదు.

## మ్యాక్, లినక్స్

యాపిల్ ఈ దారిలో ముందే నడిచింది. 2012లో మౌంటెన్ లయన్‌తో ‘పవర్ న్యాప్’ తెచ్చి, నిద్రలో మెయిళ్లు దించుకునే పద్ధతి మొదలుపెట్టింది. 2020 నవంబరులో ఎం1 చిప్ వచ్చాక చిప్, యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ ఒకే ఇంటివయ్యాయి. మొండికేసే డ్రైవర్ ఎవరిదన్న తగువు తక్కువ. విండోస్ ల్యాప్‌టాప్‌లో చిప్ ఒకరిది, బయాస్ ఒకరిది, వైఫై కార్డు మరొకరిది. లినక్స్ వాడేవాళ్లకు కనీసం దాపరికం లేదు. పాత ఎస్3ని ‘డీప్’ అని, కొత్తదాన్ని ‘ఎస్2ఐడిల్’ అని పిలుస్తుంది, ఉన్నవాటిలో ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు. తయారీదారు ఎస్3ని తీసేసిన యంత్రంలో లినక్స్ కూడా చేయగలిగింది తక్కువే.

## బ్యాటరీని ముసలిది చేసేవి

1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి పునాది వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హమ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. దానికి ముందున్న నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి అలవాట్లు మాత్రం మన దగ్గర ఇంకా బతికే ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌ను తొలిరోజు ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలనడం, ప్రతిసారీ సున్నాకు దించి నింపాలనడం ఆ కాలపు మాటలు. లిథియంకు ఆ ‘మెమరీ’ జబ్బు లేదు. సున్నాకు దించడం దానికి మేలు కాదు సరికదా కీడు.

లిథియం సెల్ నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఎత్తులో ఎంతసేపు ఉంటే లోపలి ఎలక్ట్రోలైట్ అంత త్వరగా చెడుతుంది. వేడి తోడైతే ఆ చర్య ఇంకా వేగంగా సాగుతుంది. ప్రచారంలో ఉన్న అంచనాల ప్రకారం 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జింగ్‌తో ఏడాది దాచిన బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. నిండా నింపి దాచితే 80 దగ్గర ఆగుతుంది. అదే నిండు బ్యాటరీ 40 డిగ్రీల్లో ఏడాది ఉంటే 65కి పడిపోతుంది.

ఇక్కడే ఊరికీ ఊరికీ తేడా. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరు ఏడాదిలో ఎక్కువ రోజులు బ్యాటరీకి అనుకూలమైన ఊరే. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి ఏప్రిల్, మే నెలల్లో విజయవాడకో గుంటూరుకో వెళ్లి, 42 డిగ్రీల మధ్యాహ్నం, ఛార్జర్ పీకకుండా, పరుపు మీద పెట్టుకుని పనిచేసే ల్యాప్‌టాప్‌కు వేడి, నిండు ఛార్జింగ్ రెండూ ఒకేసారి తగులుతాయి. పరుపు గాలి రంధ్రాలను మూసేస్తుంది గనుక మూడోది అదనం.

ఛార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంచితే ‘ఓవర్ ఛార్జ్’ అయి పేలుతుందన్నది నిజం కాదు. నిండగానే లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. నష్టం చేసేది ఆ నిండు స్థితిలో గడిచే గంటలు. అందుకే చాలా కంపెనీలు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇస్తున్నాయి. బల్ల మీదే వాడేవాళ్లు దాన్ని ఆన్ చేసి, ఊరెళ్లే రోజున మాత్రం నింపుకుంటే చాలు. దీనికి వ్యతిరేక దిశలో ఇంకో పొరపాటు ఉంది. శుక్రవారం బస్సులో ఖాళీ అయిన ల్యాప్‌టాప్‌ను అలాగే అలమరాలో పెట్టి పండగ పది రోజులూ తీయకపోవడం. ఖాళీ సెల్ వోల్టేజీ కొద్దికొద్దిగా ఇంకా దిగి, హద్దు దాటితే రక్షణ సర్క్యూట్ ఇక ఛార్జింగ్ తీసుకోనివ్వదు.

బ్యాటరీ నిజంగా పోయిందా, నిద్రే సరిగ్గా లేదా అన్నది తేల్చుకోకుండా డబ్బు పెట్టడం దండగ. ‘పవర్‌సీఎఫ్‌జీ’ స్లాష్ ‘బ్యాటరీ రిపోర్ట్’ (batteryreport) కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ అంటే కొత్తలో ఉన్నది, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ అంటే ఇప్పుడు మిగిలింది. మొదటిది 50,000 మిల్లీవాట్ అవర్లు ఉండి రెండోది 44,000 ఉంటే బ్యాటరీ బాగానే ఉంది, తప్పు నిద్రది. రెండోది 25,000కు పడిపోతే మార్చక తప్పదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపించినా, మూత సరిగ్గా కూర్చోకపోయినా రిపోర్టుల కోసం ఆగకూడదు. బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఛార్జింగ్ ఆపి, విప్పించి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వాలి, చెత్తబుట్టలో వేయకూడదు.

## ఆఫీసు ల్యాప్‌టాప్ చిక్కు

బెంగళూరులో తెలుగువాళ్ల బ్యాగుల్లో ఉన్నవాటిలో చాలా భాగం సొంతవి కావు, కంపెనీవి. వాటిలో యాంటీవైరస్, వీపీఎన్, నిఘా పెట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు అదనంగా ఉంటాయి. అన్నీ నెట్‌వర్క్ కోసం తపించేవే. పవర్ సెట్టింగులు కొన్నిచోట్ల ఐటీ విభాగం పాలసీలో బిగించి ఉంటాయి. హైబర్నేట్ టిక్ బూడిదరంగులో ఉండి, నొక్కినా మారదు. రాత్రిపూట అప్‌డేట్లు పంపాలంటే యంత్రాలు అందుబాటులో ఉండాలన్నది ఐటీ వాళ్ల అవసరం. అది న్యాయమైనదే. కానీ ఛార్జర్ తగిలించి బల్ల మీద ఉన్న యంత్రానికి, బ్యాటరీ మీద బ్యాగులో ఉన్న యంత్రానికి ఒకే నియమం పెట్టడం వల్ల నష్టం కంపెనీ సొత్తుకే. రెండింటికీ వేరువేరు నియమాలు పెట్టే వీలు విండోస్‌లోనే ఉంది, పాలసీలో ఆ ఒక్క వరుస మార్చాలి.

అలా అడగాలంటే చేతిలో ఆధారం ఉండాలి. ‘పవర్‌సీఎఫ్‌జీ’ స్లాష్ ‘స్లీప్ స్టడీ’ (sleepstudy) ఆ ఆధారం ఇస్తుంది. ప్రతి నిద్ర ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, అందులో ఎంత శాతం సమయం నిజంగా లోతైన నిద్రలో గడిచింది, ఎంత బ్యాటరీ పోయింది అన్నవి వరుసలుగా వస్తాయి. ఎక్కువ ఖర్చు చేయించిన ప్రోగ్రాములు, పరికరాల పేర్లు ‘టాప్ అఫెండర్స్’ శీర్షిక కింద ఉంటాయి. దీనికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి గనుక ఐటీ వాళ్ల ముందే తీయించాల్సి రావచ్చు. రిపోర్టు మామూలుగా గత మూడు రోజులదే చూపిస్తుంది. శుక్రవారం రాత్రి బస్సులో జరిగింది సోమవారం పొద్దున ఆఫీసుకు రాగానే తీస్తే అందులో ఉంటుంది. బుధవారం దాకా ఆగితే రోజుల సంఖ్య పెంచి అడగాలి.